కంట్రాక్టరుల లెక్కలు – పన్నుశాఖవారి పరిశీలన

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిలుచుట సామాన్యమైన విషయము కాదు. పుస్తకములు కొనుట సులభము; కొన్నవానిని నిలుపుకొనుట కష్టము. అందుచేతనే ప్రతి గ్రంథాలయమునందును ఏటేట పుస్తకముల తనిఖీ జరుగుచుండును. ఒకరు జాబితా పట్టుకొని సంఖ్యలు చదువుచుండగా మరియొకరు బీరువాలో వెదకుచుందురు. జాబితాలోనున్న పుస్తకము బీరువాలో లేక, చదువరుల ఖాతాలోను లేకున్నచో అక్కడ ఆగుదురు. ఆ ఆగుటలో ఎవరిని దొంగ యనుట లేదు. రెండు పద్దులు ఒకదానితో నొకటి కుదరలేదు. ఎందుచేత కుదరలేదో తెలియవలెను. అంతియే.

ఈ తనిఖీని మనస్సునం దుంచుకొన్నచో నేటి విషయము సగము తెలిసినట్లే. సొంతముగా పనులు చేసికొని జీవించు కంట్రాక్టరులలో ఎవరి లెక్కలను ఆదాయపు పన్నుశాఖవారు పరీక్షకు తీసికొందురు? ఎట్లు ఎన్నుకొందురు? ఈ ప్రశ్న పట్టణములలోని పెద్ద కంపెనీలకు మాత్రమే సంబంధించినదని తలంపరాదు. నేడు గ్రామములలో సిమెంటు రోడ్డు వేయువారు, బడికి ప్రహరీ కట్టువారు, కాలువ పూడిక తీయించువారు, మంచినీటి గొట్టములు వేయువారు, కూలీలను సరఫరా చేయువారు ఎందరో కలరు. వీరిలో పెక్కురు తాపీ పట్టి, మేస్త్రీలై, ఆపై చిన్న కంట్రాక్టరులైనవారు. పని తెలిసినవారు, లెక్క వ్రాయుట అలవాటు లేనివారు. ఒకనాడు పన్నుశాఖ నోటీసు వచ్చినచో ఆ ఇంట పొయ్యి వెలుగదు. ఆ భయములో కొందరు దళారుల చేత చిక్కుదురు. కొందరు నోటీసును దూలము సందున దోపి మరచిపోవుదురు. ఈ రెండవ పని మొదటిదానికన్న ఎక్కువ నష్టము తెచ్చును.

నోటీసు ఎందుకు వచ్చినదను ప్రశ్నకు గ్రామములలో మూడు సమాధానములు వినబడుచుండును. గిట్టనివాడెవడో అర్జీ పెట్టినాడనునది మొదటిది. అధికారికి కోపము వచ్చినదనునది రెండవది. గ్రహచారమనునది మూడవది. ఈ మూడింటిలోను కొంత నిజము పూర్వకాలమున నుండెడిది. నేడు మిక్కిలి తక్కువ. ఎందుచేత తక్కువయో తెలియుటకు కొంత వెనుకటి చరిత్ర చూడవలసియున్నది.

మన దేశమున ఆధునిక పద్ధతిలో ఆదాయపు పన్ను 1860లో మొదలైనది. 1857 తిరుగుబాటువలన ఖజానాకు గలిగిన లోటు పూడ్చుటకై, గవర్నరు జనరలు సభలో ఆర్థికసభ్యుడైన జేమ్స్ విల్సన్ దీనిని ప్రవేశపెట్టెను. తరువాత 1886లో, 1918లో, 1922లో, 1961లో చట్టములు వచ్చినవి. 1961 నాటి చట్టము అరువది యేండ్లకు పైగా నడచి, 2026 ఏప్రిలు 1 నుండి 2025 నాటి కొత్త చట్టమునకు చోటిచ్చినది. సెక్షనుల సంఖ్యలు మారినవి, మూలసూత్రములు మారలేదు.

కాగితపు రిటర్నుల కాలమున అధికారి తన వార్డులోని రిటర్నులను తానే చూచి, అనుమానము తోచినవానిని తానే ఎన్నుకొని, ఆ మనిషిని తన యెదుటికే పిలిపించెడివాడు. ఎన్నికయు, విచారణయు, తీర్పును ఒక్కచేతనే యుండెను. అట్టిచోట అర్జీకిని, కోపమునకును, గ్రహచారమునకును తావుండుట సహజము.

అయితే ఈ కంట్రాక్టరుల విషయమున ప్రభుత్వమునకు మొదటినుండియు ఒక చిక్కు కలదు. ఉద్యోగి జీతము యజమాని లెక్కలో నుండును. దుకాణదారుని సరుకు దుకాణములో నుండును. కంట్రాక్టరు అట్లుగాక, ఈ నెల ఒక ఊర, వచ్చు నెల మరియొక ఊర పని చేయును. అతని చేతినుండి పెద్ద మొత్తములు పోవుచుండును, నిలుచునది కొంచెము. వచ్చినది కనబడును; పోయినది కనబడదు. ఇసుక ట్రాక్టరుకు, కంకరకు, వారపు కూలికి ఇచ్చిన సొమ్మునకు అతని జ్ఞాపకమే సాక్ష్యము.

ఈ చిక్కునకు ప్రభుత్వము రెండు ఉపాయములు కనుగొన్నది. 1972లో మొదటిది. కంట్రాక్టరునకు సొమ్ము చెల్లించువారే అందులో కొంత పన్నుగా మినహాయించి ఖజానాకు కట్టవలెనని నియమించిరి. దీనినే టి.డి.ఎస్. అందురు. ఒక పనిపై 30,000 రూపాయలు దాటినను, సంవత్సరములో మొత్తము లక్ష దాటినను, కంట్రాక్టరు వ్యక్తియైనచో నూటికి రూపాయి, కంపెనీ మొదలగునవైనచో రెండు రూపాయలు మినహాయింతురు. పాన్ సంఖ్య ఇయ్యనివానికి నూటికి ఇరువది పట్టుకొందురు. రెండవ ఉపాయము 1994లో వచ్చినది. కట్టడపు పనుల వసూళ్లు సంవత్సరమునకు 40 లక్షలు మించని చిన్న కంట్రాక్టరు సవిస్తరమైన లెక్కపుస్తకములు చూపనక్కరలేకుండ, వసూళ్లలో నూటికి ఎనిమిది లాభముగా ఒప్పుకొన్నచో చాలునని ఆ ఏర్పాటు. తరువాత అది ఇతర వ్యాపారములకును విస్తరించినది. పరిమితి 2 కోట్లకు, నగదు వసూళ్లు నూటికి ఐదు మించనివారికి 3 కోట్లకు పెరిగినది. బ్యాంకు ద్వారా వచ్చిన వసూళ్లపై ఎనిమిదికి బదులు ఆరు చాలును. అసలు లాభము అంతకన్న ఎక్కువైనచో ఎక్కువయే చూపవలెను.

మొదటి ఉపాయమువలన ప్రతి బిల్లును రెండుచోట్ల వ్రాయబడినది: ఇచ్చినవాని లెక్కలో నొకటి, పుచ్చుకొన్నవాని రిటర్నులో నొకటి. ఇట్లు ఒక లెక్క మరియొక లెక్కకు కాపలా కాయవలెనను ఆలోచనను 1956లో కేంబ్రిడ్జి ఆర్థికశాస్త్రవేత్త నికొలస్ కాల్డర్ మన ప్రభుత్వమునకిచ్చిన నివేదికలో గట్టిగా చెప్పియుండెను. ఆయన సలహా ననుసరించి వచ్చిన సంపద పన్ను, వ్యయపు పన్ను, దానపు పన్ను కాలక్రమమున రద్దైనవి. ఆ సూత్రము మాత్రము నిలిచినది.

నేడు ఆ కాపలాలు పెక్కు పెరిగినవి. వానినన్నిటిని కలిపి కట్టు దారము పాన్ సంఖ్య. పని చేయించిన శాఖ మినహాయించిన పన్నును ఆ సంఖ్యపై నమోదు చేయును. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. వచ్చినది. 2018 అక్టోబరు 1 నుండి ప్రభుత్వశాఖలు రెండున్నర లక్షలు దాటిన పనులపై జి.ఎస్.టి. క్రింద వేరుగా నూటికి రెండు మినహాయింపసాగినవి. 1962 నాటి నియమములలో, సేవింగ్స్ ఖాతాలో సంవత్సరమునకు పది లక్షలు లేక అంతకుమించి నగదు జమ యైనచో బ్యాంకువారును, 30 లక్షలు లేక అంతకుమించిన స్థిరాస్తి చేతులు మారినచో రిజిస్ట్రారువారును పన్నుశాఖకు తెలుపవలెనని యుండెను. ఈ సమాచారమంతయు చాలకాలము 26ఏఎస్ అను పట్టికలో కొంత, 2021 నవంబరు నుండి వార్షిక సమాచార నివేదిక యను దానిలో మరింత విపులముగ కనబడుచున్నది. గమనింపదగినదేమనగా, పన్నుశాఖ చూచు ఈ నివేదికను కంట్రాక్టరును తన సంఖ్యతో, తన సంకేతపదముతో చూడవచ్చును. అందులో తప్పున్నచో ఇది నాది కాదని అచటనే తెలుపవచ్చును. ఇంతటి సదుపాయమును వినియోగించుకొనువారు గ్రామములలో ఎందరో లెక్కించిన, వ్రేళ్లు మిగులును.

ఇక ఎన్నిక విషయము. ఇది రెండు తెరగుల జరుగును.

మొదటిది తప్పనిసరి ఎన్నిక. ఏయే రిటర్నులను తప్పక పరీక్షింపవలెనో ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు సంవత్సరమున కొకమారు ఉత్తరువుల ద్వారా తెలుపుచుండును. సోదా జరిగినవారు, వ్యాపారస్థలమున సర్వే జరిగినవారు, పాత సంవత్సరపు లెక్క తిరిగి తెరువబడినవారు, అదే అంశముపై వెనుకటి సంవత్సరములలో పెద్ద మొత్తము ఆదాయమునకు చేర్చబడినవారు, మరియొక ప్రభుత్వసంస్థ నుండి నిర్దిష్టమైన సమాచారము వచ్చినవారు ఇందు చేరుదురు. పొరుగువాని అర్జీకి ఏమైన బలమున్న ఇక్కడనే యుండవలెను. కాని ఒట్టి మాట చాలదు. పట్టి చూపదగిన ఆధారము వలెను.

రెండవది యంత్రము చేయు ఎన్నిక. కంప్యూటరు ప్రతి రిటర్నును పైన చెప్పిన సమాచారముతో పోల్చి, తేడాల బరువును గణించి, కొన్నింటిని ప్రక్కకు తీయును. ఏ తేడాకు ఎంత బరువో శాఖవారు పూర్తిగా వెల్లడింపరు. జల్లెడ కన్నముల కొలత ముందే తెలిసినచో గింజలన్నియు ఆ కొలతకే సిద్ధమగును గదా! అయినను వచ్చిన నోటీసులలో వ్రాయబడిన కారణములనుబట్టి ముఖ్యమైనవి తెలియుచున్నవి. చెల్లించినవారు చూపిన కంట్రాక్టు సొమ్మునకును పుచ్చుకొన్నవారు చూపిన సొమ్మునకును తేడా, జి.ఎస్.టి.లో చూపిన వసూళ్లకును ఆదాయపు పన్నులో చూపిన వసూళ్లకును తేడా; కొద్ది ఆదాయము చూపి పెద్ద నగదు జమలు చేయుట; కొద్ది ఆదాయమునకు మించిన స్థిరాస్తి కొనుగోలు; పెద్ద వసూళ్లపై మిక్కిలి స్వల్పమైన లాభము; ఒక్కసారిగ పెరిగిన బాకీలు; మినహాయించిన పన్నునంతయు వాపసు కోరుట. ఇవి నేరములు కావు. ప్రశ్న పుట్టు తావులు.

ఎందరిపై ఈ చూపు పడును? ప్రభుత్వమువారు ప్రకటించిన లెక్క ప్రకారము 2018-19 అసెస్‌మెంటు సంవత్సరపు రిటర్నులలో పరీక్షకు తీసికొన్నవి నూటికి 0.25, అనగా నాలుగు వందల రిటర్నులకు ఒకటి. అంత కొద్దిమందిలో ఒకడగుట గ్రహచారమని తోచవచ్చును. కాని యంత్రము చీట్లు వేసి తీయుట లేదు. పద్దు కుదరనిచోటనే ఆగుచున్నది.

ఇది ఊహగా నొక ఉదాహరణముతో చూతము. ఒక తాపీమేస్త్రీ 2025-26 ఆర్థిక సంవత్సరమున బడి ప్రహరీగోడ పని 18 లక్షలకు చేసెననుకొందము. శాఖవారు నూటికి ఒకటి చొప్పున 18,000 రూపాయలు మినహాయించిరి. సిమెంటు, ఇటుక, ఇసుక, కూలి పోగా అతనికి మిగిలినది లక్షన్నర. రిటర్ను వ్రాయువాని యొద్దకు పోయి, “నాకు మిగిలింది లక్షన్నరే బాబూ, అదే రాసి ఆ పద్దెనిమిది వేలూ ఇప్పించండి” అన్నాడు. వ్రాయువాడు వసూళ్లు 1,50,000 అని వ్రాసి, 18,000 వాపసు కోరెను.

మేస్త్రీ మనసున అబద్ధము లేదు. అయినను అతని రిటర్నే అతనిపై సాక్ష్యము చెప్పుచున్నది. నూటికి ఒకటి చొప్పున 18,000 మినహాయింపబడవలెనన్న వసూళ్లు 18 లక్షలుండవలెను, చూపినది లక్షన్నర. మిగిలిన పదహారున్నర లక్షలు ఎక్కడ? యంత్రము అడుగు ప్రశ్న ఇదియే. వసూలు వేరు, లాభము వేరు అను చిన్న భేదము తెలియకపోవుటచే ఒక నిజాయితీపరుడు అనుమానితుడైనాడు.

అతడు సరిగా వ్రాసిన ఏమగును? వసూళ్లు 18,00,000; బ్యాంకు ద్వారా వచ్చినవి గాన నూటికి ఆరు చొప్పున కనీస లాభము 1,08,000. అతనికి మిగిలినది లక్షన్నర గాన లక్షన్నరయే చూపవలెను. ఆ సంవత్సరమునకు కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్నే లేదు. ఇతర ఆదాయము లేనిచో అతడు కట్టవలసినది సున్న; 18,000 న్యాయముగానే వాపసు వచ్చును. సత్యము చెప్పినను అదే సొమ్ము, చెప్పకున్నను అదే సొమ్ము. తేడా ఏమనగా, మొదటి దానిలో నిద్ర పట్టును.

తేడాలు వచ్చు దారులు మరి రెండు కలవు. బిల్లు మొత్తమంతయు బ్యాంకులో పడదు. టి.డి.ఎస్. గాక, ధరావతు నిలుపుదురు; కట్టడపు కార్మికుల సంక్షేమ సెస్సు నూటికి ఒకటి కోయుదురు; కంకర, ఇసుకలపై సీనరేజి పట్టుదురు. కంట్రాక్టరు బ్యాంకు పుస్తకము చూచి అందులో పడినదే వసూలని వ్రాయును. శాఖ పట్టికలో బిల్లు మొత్తముండును. ఇక రెండవది సంవత్సరపు తేడా. మార్చి నెలలో బిల్లు పాసగును, సొమ్ము మే నెలలో చేతికి వచ్చును. చెల్లించువారు ఒక సంవత్సరమున, పుచ్చుకొన్నవారు మరియొక సంవత్సరమున చూపుదురు. ఈ రెంటిలోను మోసము లేదు. బిల్లు నకలు, కోతల వివరము దాచుకొన్నవాడు ఒక్క పుటలో సమాధానము చెప్పగలడు. దాచుకొననివాడు ఏండ్లతరబడి తిరుగును.

ఇంతకన్న కఠినమైన ఉదాహరణము మరియొకటి కలదు. ఒకనికి కంట్రాక్టరుగా రిజిస్ట్రేషను కలదు. చేతిలో డబ్బు లేదు. అతని బావమరిదికి డబ్బు కలదు, రిజిస్ట్రేషను లేదు. “నీ పేరు పెట్టుకోనీ బావా, పనంతా నేనే చూసుకుంటాను, నూటికి రెండు నీకు” అని యడిగినాడు. బంధుత్వమునకు లొంగి అతడు సరే యన్నాడు. 60 లక్షల పని జరిగినది. సొమ్ము ఇతని ఖాతాలో పడినది. పడినదానిని పడినట్లే నగదుగా తీసి ఇచ్చివేసినాడు. చేత మిగిలినది లక్ష యిరువది వేలు. కాగితముపై మాత్రము 60 లక్షల వసూళ్లు, ఆ సొమ్ముపై జి.ఎస్.టి. బాధ్యతయు, పనిలో లోపము వచ్చినచో దాని బాధ్యతయు అన్నియు ఇతనివే. నోటీసు వచ్చిననాడు బావమరిది పేరు ఏ కాగితముపైనను లేదు. ఇచ్చిన నగదునకు రశీదు లేదు. బంధుత్వమును బ్యాంకువారు నమోదు చేయరు గదా!

పేరు ఎరువిచ్చుట ఎద్దును ఎరువిచ్చుట వంటిది కాదు. ఎద్దు సాయంకాలమునకు ఇంటికి వచ్చును. ఎరువుపోయిన పేరు ఎన్ని లెక్కలలో తిరుగుచున్నదో యజమానికి తెలియదు. కాంట్రాక్టు నిబంధనలు సమ్మతించినచోట ఉపకంట్రాక్టు నీయవలసివచ్చినను కాగితము వ్రాసికొనవలెను, చెల్లింపు బ్యాంకు ద్వారా జరుగవలెను, చట్టము కోరినచో ఇచ్చువాడును పన్ను మినహాయింపవలెను. అంతకు సిద్ధపడనివానికి పేరు నీయరాదు.

వాపసు ఇప్పింతుమని వచ్చు దళారుల సంగతియు ఇక్కడనే చెప్పవలెను. లేని ఖర్చులు, లేని విరాళములు వ్రాసి వాపసు తెప్పించి అందులో వాటా తీసికొనువారు కలరు. 2025 జూలై 14న పన్నుశాఖవారు దేశమున 150 తావులలో ఇట్టి రిటర్నులు వ్రాయువారిపై, మధ్యవర్తులపై తనిఖీలు జరిపిరి. దళారి వాటా దళారికి చేరిపోవును. రిటర్ను క్రింద నున్న పేరు మాత్రము కంట్రాక్టరుది. 1961 నాటి చట్టమున 2016-17 నుండి, తక్కువ చూపిన ఆదాయముపై పడు పన్నులో సగము జరిమానా. తెలిసి తప్పుగా చూపినచో ఆ పన్నునకు రెండింతలు.

నోటీసు వచ్చినప్పుడు చేయవలసినదేమి? మొదట అది నిజమైనదా యని చూడవలెను. 2019 అక్టోబరు 1 నుండి శాఖవారి పత్రములపై ఒక గుర్తింపు సంఖ్య ఉండవలెనని బోర్డు ఉత్తరువు. ఆ సంఖ్యను శాఖవారి వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును. ఫోనుచేసి డబ్బడిగినవాడు, ఫోనుకు వచ్చిన రహస్యసంఖ్య చెప్పుమన్నవాడు అధికారి కాడు. పిమ్మట తేదీ చూడవలెను. రిటర్ను దాఖలైన ఆర్థిక సంవత్సరము ముగిసిన మూడు నెలలలోపల పరీక్షకు నోటీసు రావలెను. 2025 జూలైలో రిటర్ను ఇచ్చినవానికి 2026 జూన్ 30 గడువు. ఆపైన, ఏ విషయముపై అడుగుచున్నారో చదువవలెను. ఒకటి రెండు అంశములకే పరిమితమైన పరీక్షలు కొన్ని; అన్నిటిని చూచునవి కొన్ని.

2020 ఆగస్టు 13న ప్రారంభమైన ఏర్పాటు ప్రకారము పెక్కు కేసులలో అధికారి ముఖము కంట్రాక్టరునకు తెలియదు. కంట్రాక్టరు ముఖము అధికారికి తెలియదు. కేసు దేశములో ఏ మూలనున్న విభాగమునకైనను యంత్రమే అప్పగించును. ప్రశ్నలు, జవాబులు కంప్యూటరు ద్వారానే నడచును. వెనుకటి కోపమునకు, సిఫారసునకు దీనివలన చోటు తగ్గినది. కాని ముఖాముఖి చెప్పుకొను అవకాశమును తగ్గినది. నోరున్నవాడు నోటితో గెలిచెడి కాలము పోయి, కాగితమున్నవాడు కాగితముతో గెలిచెడి కాలము వచ్చినది. జవాబు ఇయ్యనిచో అధికారి తనకు దొరికిన ఆధారములనుబట్టి ఆదాయమును అంచనా వేయును. ఆ అంచనాలో మేస్త్రీ కొన్న సిమెంటు బస్తాలకు చోటుండునను పూచీ లేదు. తప్పు జరిగినదని తానే గ్రహించినవానికి 2022 నుండి సవరించిన రిటర్ను అదనపు పన్నుతో వేయు మార్గము కలదు. దాని గడువు 2025లో రెండేండ్ల నుండి నాలుగేండ్లకు పెంచబడినది. ఆలస్యమైనకొలది అదనము పెరుగును. అయితే పరీక్షకు నోటీసు వచ్చిన పిమ్మట ఆ సంవత్సరమునకు ఈ మార్గము మూతపడును.

ఈ విధానము న్యాయమైనదా యని ప్రశ్నింపవచ్చును. మన పూర్వులు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. వ్యాసభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును చూడవచ్చి అడిగిన కుశలప్రశ్నలలో, నీ గణకులును లేఖకులును ప్రతిదినము ఉదయపు వేళ ఆయవ్యయములను నీకు విన్నవించుచున్నారా యనునది యొకటి. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున పని చేసిన శామశాస్త్రిగారు 1909లో వెలువరించిన కౌటిలీయ అర్థశాస్త్రమున, రాజధనము అపహరింపబడు విధములు నలువది యని లెక్కించబడినవి. గ్రంథాలయము చేయు మేలునకు ఆ గ్రంథము వెలుగుచూచుటయే ఒక నిదర్శనము. ఆ గ్రంథమే, అపహరణమును ఎరిగించినవానికి ఆరవ పాలు ఇయ్యవలెననియు, నిరూపింపలేకపోయినచో వానినే దండింపవలెననియు విధించినది. పట్టుటకు ఎంత జాగ్రత్త వలెనో, పట్టరానివానిని పట్టకుండుటకును అంత జాగ్రత్త వలెనని దాని భావము.

ఆ కొలతతో చూచిన నేటి యంత్రమునకు ఒక గుణము, ఒక లోపము కనబడును. కులము, పార్టీ, ఊరి తగవు దానికి తెలియవు, ఇది గుణము. కాగితముపై కనబడువానినే అది చూడగలదు, ఇది లోపము. ప్రభుత్వపు పని చేసి, పన్ను మినహాయింపించుకొన్న మేస్త్రీ దాని కంటికి స్పష్టముగ కనబడును. అంతయు నగదుతో నడపి, ఏ పద్దునను ఎక్కనివాడు చాలకాలము కనబడడు. వానకు కొట్టుకొనిపోయిన కాంక్రీటు, శనివారము సాయంకాలము పంచిన కూలి దానికి తెలియవు. నోటీసు భాష మేస్త్రీకి తెలియదు. ఈ లోపమును పోగొట్టవలసిన బాధ్యత ప్రభుత్వమునకు కలదు. అంతవరకు తన కష్టమును యంత్రమునకు తెలుపగల సాధనము కంట్రాక్టరునకు ఒక్కటియే: తన పుస్తకము.

ఆ పుస్తకము పెద్దదిగా నుండనక్కరలేదు. ప్రతి పనికి నాలుగు పుటలు. మొదటి పుటలో ఒప్పందము, బిల్లు మొత్తము, అందులోని కోతలు. రెండవ పుటలో సరుకుల రశీదులు. మూడవ పుటలో కూలీల మస్టరు, తేదీలతో, సంతకములతో, వ్రేలిముద్రలతో. నాలుగవ పుటలో బ్యాంకులో పడినది, తీసినది. సంవత్సరము చివర తన మొత్తమును శాఖవారి వార్షిక నివేదికతో పోల్చి చూచుకొనవలెను. పూర్వము గ్రామమున జమాబందీకి ముందు అడంగలును, చిట్టాను, వసూలు లెక్కను ఒకదానితో నొకటి సరిచూచెడివారు. కరణీకములు 1984లో పోయినవి. సరిచూచు అవసరము పోలేదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా కథలను, కావ్యములను, పత్రికలను చదివించినది. ఇకముందు నెలకొక ఆదివారము ఒక బల్ల ఈ పనికి కేటాయింపబడిన ఎంతో మేలగును. కంప్యూటరు తెలిసిన యువకుడొకడు కూర్చుండి, మేస్త్రీ తెచ్చిన నోటీసును తెలుగున చదివి చెప్పిన చాలును. వార్షిక నివేదికను తెరచి, ఇందులో నీ పేర ఇంత చూపబడినది, నీ లెక్కతో సరియేనా యని అడిగిన చాలును. సలహాలకు చదువుకొన్న ఆడిటర్లున్నారు. కాని వారి యొద్దకు పోవుటకు ముందు తన కాగితములో ఏమున్నదో తనకు తెలియుట ప్రతి మనిషికి మొదటి రక్ష. అక్షరము నేర్పుటకు పుట్టిన సంస్థకు ఇంతకన్న తగిన పని వేరొకటి లేదు.

తనిఖీనాడు బీరువాలోని పుస్తకములకును జాబితాకును సరిపోయినప్పుడు గ్రంథపాలకుని ముఖమున కనబడు తృప్తి సభ్యులందరు ఎరిగినదే. ఆ తృప్తి ప్రతి మేస్త్రీ యింటను, ప్రతి చిన్న కంట్రాక్టరు యింటను నిండుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక.

శుభమస్తు.